ఆపుకట్టె మొదలు ఉక్కుబిళ్ల వరకు: సైకిలు బ్రేకు చరిత్ర



బండి పుట్టిన కథను చెప్పువారు పెక్కుమంది కలరు. బండిని ఆపు సాధనము పుట్టిన కథను చెప్పువారు మిక్కిలి తక్కువ. చక్రము నెవరు చేసిరి, దానికి ఇనుపకమ్మి యెవరు తొడిగిరి, గాలి నింపిన రబ్బరు నెవరు కట్టిరి అని మనము అడుగుదుము. ఆ చక్రము పల్లమున పరుగెత్తునపుడు దాని నెట్లు నిలిపిరి అని అడుగుట మరతుము. అయినను మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలలో నివసించు మనకు ఈ రెండవ ప్రశ్నయే ముఖ్యము. ఈ మూడు ఊళ్లును సముద్రమట్టమునకు రెండువేల అడుగుల పైని పీఠభూమి మీద నున్నవి. ఇచట బాటలు ఎక్కుటయో దిగుటయో గాని సమముగా సాగుట అరుదు. మదనపల్లె ప్రక్కనున్న హార్సిలీ కొండ నాలుగువేల అడుగుల ఎత్తునకు మించినది. పలమనేరు నుండి చిత్తూరు వైపునకు పోవువారు మొగిలి కనుమ దిగవలసినదే. ఎక్కుటకు కాళ్ల బలము చాలును. దిగుటకు బ్రేకు కావలయును.

నేడు మన పిల్లలు త్రొక్కుచున్న క్రొత్త సైకిళ్లలో పెక్కింటికి చక్రపు ఇరుసు చెంత పళ్లెము వంటి పలుచని ఉక్కుబిళ్ల యొకటి కనబడుచున్నది. దానినే డిస్కు అందురు. అది యేమి, ఎచటి నుండి వచ్చినది, దానిని ఇంటనే యెట్లు కాపాడుకొనవలెను, అరిగినపుడు ఎంతవరకు చక్కచేసికొనవచ్చును అనునది నేటి నా ప్రసంగ విషయము. చరిత్ర నెరుగక దీని పోషణ తెలియదు. ఏలననగా, ప్రతి కాలపు బ్రేకునకును దానికి తగిన యొక అలవాటు కలదు. పాత బ్రేకు అలవాటును క్రొత్త బ్రేకునకు తగిలించుట వలననే నేడు ప్రమాదము కలుగుచున్నది.

మొదట ఎద్దుబండి సంగతి చూతము. బరువెత్తిన బండి కనుమ దిగునపుడు ఆ బరువంతయు కాడి మీదుగా ఎద్దుల మెడపై పడును. పుంగనూరు పసువుల వంటి పొట్టిజాతి ఎడ్లకు ఇది మరియును కష్టము. కావున బండివారు చక్రపు కమ్మికి ఆనునట్లు ఒక కట్టెను అమర్చి, త్రాటితోనో మరతోనో బిగించుచుండిరి. కట్టె కమ్మిని ఒరసికొనును, చక్రము మందగించును, కట్టె అరిగిపోవును. అరిగిన కట్టెకు మారుగా మరియొక కట్టె కట్టుట తప్ప వేరు పోషణ లేదు. ఇరుసునకు మాత్రము ఆముదముతో చేసిన కందెన తప్పక కావలెను. ఇరుసునకు నూనె, చక్రపు అంచునకు కట్టె. ఈ రెండు సూత్రములతోనే మన పెద్దల రవాణా అంతయు నడచినది.

ఈ కట్టె విషయమున ఇంగ్లండులో జరిగిన యొక చిన్న సంగతి లోకమునకు గొప్ప మేలు చేసినది. డెర్బీషైరు కొండసీమలో హెర్బర్టు ఫ్రూడు అను నాతడు, బండివాండ్రు తమ బ్రేకు కట్టెలకు పాత బూట్ల తోలును తగిలించి పల్లము దిగుట గమనించెను. వట్టి కట్టె కంటె తోలు గట్టిగా పట్టుచున్నదని వారికి అనుభవము వలన తెలిసినది. ఫ్రూడు ఆ అనుభవమును పరీక్షకు పెట్టి, బ్రేకులకు అతికించు ఒరపిడి దిమ్మలను 1897లో చేయసాగెను. ఆయన స్థాపించిన ఫెరోడో పేరు నేటికిని బ్రేకు సామానులపై కనబడును. బండివాని పాతచెప్పు నుండి ఒక పరిశ్రమ పుట్టినదన్న మాట. ఏ పల్లెలోని వాడుకయైనను తీసివేయదగినది కాదనుటకు ఇది సాక్ష్యము.

ఇక సైకిలు. 1817లో జర్మనీ దేశపు మాన్‌హైమ్ నగరమున కార్ల్ డ్రైస్ అనునాతడు రెండు చక్రముల కొయ్యబండిని చేసెను. దానికి త్రొక్కుడు కడ్డీలు లేవు. కాళ్లతో నేలను తన్నుచు పోవలెను. కాళ్లు నేలనే యుండుటచే ఆపుటయు పెద్ద సమస్య కాలేదు. 1860వ దశకమున పారిస్ నగరమున మిషో కుటుంబము వారు ముందు చక్రమునకు పెడళ్లు అమర్చిన తరువాత కాళ్లు నేలను విడిచినవి. అప్పుడు బ్రేకు అవసరమైనది. చేతిపిడిని మెలిత్రిప్పినచో త్రాడు బిగిసి వెనుక చక్రము నొత్తునట్లు వారు ఏర్పాటు చేసిరి. తరువాత వచ్చిన పెనుచక్రపు సైకిళ్లలో గరిటె వంటి ఇనుపముక్క ముందు చక్రపు రబ్బరుపై ఒత్తుకొనెడిది. దానిని గట్టిగా నొక్కినచో చక్రము నిలిచి, త్రొక్కువాడు పిడి మీదుగా తలక్రిందుగా పడెడివాడు. బ్రేకు లేకున్న ప్రమాదము, ఉన్న మరియొక ప్రమాదము.

1885లో జాన్ కెంప్ స్టార్లీ కవెంట్రీ పట్టణమున రోవరు సైకిలును తయారుచేసెను. రెండు చక్రములు దాదాపు సమానము. గొలుసుతో వెనుక చక్రము తిరుగును. మనము నేటికిని త్రొక్కుచున్న సైకిలు రూపము అదియే. 1888లో బెల్‌ఫాస్టు నగరమున డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండి కొరకు గాలి నింపిన టైరు చేసి, దానికి పేటెంటు పొందెను. ఈ టైరుతో సవారి సుఖమైనది గాని పాత గరిటె బ్రేకు పనికిరాకపోయెను. టైరుపై ఇనుము ఒరసికొన్నచో టైరు చిరుగును. కావున బ్రేకు టైరును వదలి రిమ్మును పట్టవలసి వచ్చెను. ఇది రెండవ మలుపు.

మన దేశమున పెద్దలందరు ఎరిగిన నల్లసైకిలు ఆ మలుపు బిడ్డయే. పిడి క్రింద ఉక్కుకడ్డీలు, వాటి కొనల గుర్రపులాడము వంటి వంపు, ఆ వంపునకు రెండు రబ్బరుముక్కలు. పిడి నొక్కినచో కడ్డీ లాగబడి, రబ్బర్లు రిమ్ము లోపలి వైపును పట్టును. మొదట ఇంగ్లండు నుండి దిగుమతియైన ఈ బండ్లు తరువాత ఇచటనే తయారు కాజొచ్చెను. మదరాసు చెంత అంబత్తూరులో టి.ఐ. సైకిల్సు సంస్థ 1949లో ఏర్పడెను. లుధియానాలో హీరో సైకిళ్ల కర్మాగారము 1956లో వెలసెను. గంటకింత అని అద్దెకు తెచ్చుకొని త్రొక్కిన సైకిలు, పాలబిందెలు కట్టిన సైకిలు, తపాలా సైకిలు, అన్నియు ఈ కడ్డీబ్రేకు బండ్లే.

ఆ కడ్డీబ్రేకునకు గుణములును కలవు, దోషములును కలవు. దాని కీళ్లు ఆరుబయట నుండుటచే ఎవరికైనను అర్థమగును. కంసాలి గాని కమ్మరి గాని సరిచేయగలడు. అయితే వానలో తడిసిన ఉక్కురిమ్మును రబ్బరు పట్టదు. సొట్టపడిన రిమ్మునకు ఒక ప్రక్క తగిలి మరియొక ప్రక్క తగలదు. కీళ్లు బిగిసినపుడు వానికి ఒక నూనెచుక్క వేయుట సరియైన వైద్యము. ఈ చివరిమాట జ్ఞాపక ముంచుకొనుడు. బ్రేకు మొరాయించినచో నూనె వేయవలెననునది ఆ కాలపు అలవాటు. ఆ బండికి అది సరిపోయినది.

ఇంతలో మోటారు బండ్ల వైపున మూడవ మలుపు వచ్చుచుండెను. 1902లో ఫ్రెడరిక్ లాంచెస్టరు అను ఇంగ్లీషు యంత్రకారుడు చక్రముతో కూడ తిరుగు లోహపుబిళ్లను ఇరువైపుల నుండి నొక్కి నిలుపు ఉపాయమునకు పేటెంటు తీసికొనెను. లోహముపై లోహము ఒరయుటచే ఆ బ్రేకు భరింపరాని కీచురొద చేసెడిది. పైని చెప్పిన ఫ్రూడు ఒరపిడి దిమ్మలకు ఆస్బెస్టాసు పూత నమర్చి ఆ రొదను తగ్గించెను. ఆస్బెస్టాసు ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తరువాత తెలిసి, దానిని నేడు పెక్కు దేశములు నిషేధించినవి. 1953లో ఫ్రాన్సులోని లే మాన్స్ పందెమున డిస్కుబ్రేకులు గల జాగువారు కారు గెలిచిన పిమ్మట లోకము ఈ బ్రేకును నమ్మెను. 1969లో హోండా వారి పెద్ద మోటారు సైకిలు ముందు చక్రమునకు డిస్కుతో వచ్చెను. రైలు విషయమును గూడ మనవి చేసెదను. 1864లో జోలార్‌పేట నుండి బెంగుళూరు వైపునకు వేసిన రైలుమార్గము కుప్పము మీదుగా పోవుచున్నది. ఆ మార్గమున పాతపెట్టెలలో ఇనుపదిమ్మలు చక్రపు అంచునే ఒరసి బండిని నిలిపెడివి. నేడు పరుగెత్తు క్రొత్తరకపు పెట్టెలలో ఇరుసునకు బిగించిన డిస్కులే ఆ పని చేయుచున్నవి. కావున పిల్లవాని సైకిలులోని బిళ్లయు ఎక్స్‌ప్రెస్ రైలులోని బిళ్లయు ఒకే వంశమునకు చెందినవి.

సైకిలునకు డిస్కు వచ్చిన కథలో కాలిఫోర్నియా రాష్ట్రపు కొండ యొకటి తప్పక చెప్పదగినది. 1976వ సంవత్సరము అక్టోబరు నెలలో మెరిన్ కౌంటీలో కొందరు యువకులు పాతసైకిళ్లపై మట్టిబాటన కొండ దిగు పందెమును మొదలిడిరి. ఆ సైకిళ్లలో వెనుకకు త్రొక్కినచో చక్రము నిలుచు హబ్బు బ్రేకు మాత్రమే యుండెను. ఒక్క దిగుడులో హబ్బు ఎంతగా కాగెడిదనిన, లోపలి గ్రీజు పొగయై పోయెడిది. మరల క్రొత్తగ్రీజు కూరనిదే రెండవ దిగుడు సాధ్యము కాదు. గ్రీజును మరల కూరుటను వారి భాషలో రీప్యాకు అందురు. ఆ బాటకు అదియే పేరైనది. ఆ పందెగాండ్రలో ఒకడైన జో బ్రీజ్ 1977లో కొండబాటలకే యని సైకిలు చట్రము నిర్మించెను. అట్టి కొండసైకిళ్లు లోకమంతట వ్యాపించిన తరువాత, బురదకును వేడికిని తట్టుకొను బ్రేకు కావలసి వచ్చెను. 1970వ దశకముననే జపాను, అమెరికా దేశముల వారు సైకిలు డిస్కులను చేసియుండిరి గాని, 1990వ దశకమున కొండసైకిళ్లతోనే అవి స్థిరపడినవి. రోడ్డు పందెములలో అంతర్జాతీయ సైకిలు సమాఖ్య వీనిని పూర్తిగా అనుమతించినది 2018లో మాత్రమే.

ఈ బిళ్ల మీద పడు భారము ఎంతటిదో లెక్కచూచినచో మనకు భయభక్తులు కలుగును. మనిషి, సైకిలు కలిసి 80 కిలోలు తూగుననుకొందము. వారు 400 మీటర్ల లోతు దిగిరనుకొందము. హార్సిలీ కొండ వంటి చోట ఇది వింతగాదు. ఆ దిగుడున పుట్టు శక్తి అంతయు వేడిగా మారినచో ఒక లీటరు నీటిని మామూలు వేడిమి నుండి మరుగువరకు కాచుటకు సరిపోవును. కొంత గాలి హరించును. తక్కినది బ్రేకు భరింపవలెను. భరించునది నూరు గ్రాముల పైచిలుకు బరువు గల ఉక్కుబిళ్ల. పైగా రిమ్ము పెద్దది, బిళ్ల చిన్నది. అదే ఫలితమునకు బిళ్లను రిమ్ముకంటె దాదాపు నాలుగింతల బలముతో పట్టవలెను. ఆ వేడి గాలిలోనికి పోక బిళ్లలోనే నిలిచినచో ఉక్కు కరగవలసినదే. బిళ్లకు రంధ్రములు వేయుట బరువు తగ్గుటకును, నీరు, బురద, పొడి తొలగిపోవుటకును, చల్లారుటకును. అవి అలంకారము కావు.

ఇప్పుడు పోషణకు వచ్చెదను. బ్రేకు కీచుమనినను, పట్టు తగ్గినను, నూనె చుక్క వేయుమని పెద్దలు చెప్పుటను నేను మన పల్లెలలో పలుమార్లు విన్నాను. ఆ సలహా ఎచటినుండి వచ్చినదో ఇప్పుడు మీకు తెలిసినది. అది కడ్డీబ్రేకు కీళ్లనాటి సలహా. డిస్కునకు అది విషము. బిళ్లకు నూనె తగిలినచో అది ప్యాడ్లలో ఇంకును. పట్టు సగమునకు పైగా పోవచ్చును. చదునుబాటన ఇది తెలియకపోవచ్చును. కనుమ మలుపున తెలియును. గొలుసునకు నూనె వేయునపుడు గూడ వెనుక బిళ్లకు గుడ్డ కప్పవలెను. టెంకాయనూనె అంటిన చేతితో బిళ్లను తాకరాదు. కిరసనాయిలుతో సైకిలు కడుగుట మన యలవాటు. అదియు బిళ్ల చెంతకు రారాదు.

బిళ్లను శుభ్రపరచుటకు ఐసోప్రొపైల్ ఆల్కహాలు అను ద్రవము మేలు. మందుల అంగడిలో దొరకు స్పిరిట్టులలో కొన్నింట ఆముదమును చర్మము కొరకు కలుపుదురు. అట్టిది పనికిరాదు. పరీక్ష సులభము. అద్దముపై ఒక చుక్క వేసి ఆరనిండు. మరక మిగులకున్నచో వాడవచ్చును; జిడ్డు మిగిలినచో వాడరాదు. ఉతికిన నూలుగుడ్డను తడిపి బిళ్ల ఇరువైపుల తుడిచి, గుడ్డ నల్లబడుట మానువరకు క్రొత్తమడత మార్చుచు పోవలెను. నెలకొకసారి ఈ పని చేసినచో తక్కిన పనులు చాలవరకు తప్పును.

తుడిచినను పట్టు రానపుడు బిళ్ల ముఖమును చూడుడు. అద్దమువలె తళతళలాడుచున్నచో అది నునుపెక్కినది. మన యిండ్లలో తిరగలి నునుపెక్కినపుడు గింజ జారిపోవును. అప్పుడు కక్కు కొట్టించెదము. బిళ్లకు చేయవలసినదియు అదియే, మరింత సున్నితముగా. చక్రమును ఊడదీసి, బ్రేకులో నూనెగొట్టము గల రకమైనచో ప్యాడ్ల నడుమ అట్టముక్క నుంచి, ఆ తరువాత చక్రము లేనపుడు పిడిని నొక్కకుండ జాగ్రత్త పడవలెను. నొక్కినచో ప్యాడ్లు ఒకదానికొకటి అంటుకొనును. బిళ్లను మరలు విప్పి తీసి, సమతలమైన రాతిపై 150 మొదలు 220 నెంబరు వరకు గల ఎమరీ కాగితమును పరచి, దానిపై బిళ్లను వ్రేళ్లతో సమముగా నొక్కి, ఎనిమిది అంకె ఆకారమున రుద్దవలెను. కుప్పము సీమ గ్రానైటునకు పేరు పొందినది. నునుపుచేసిన పలకముక్క దొరకినచో ఇంతకంటె చదునైన పీఠము ఇంట దొరకదు. ఇరువైపుల సమానముగా రుద్దవలెను. తళుకు పోయి సన్నని గీతలు నలుదిక్కుల కనబడినంతనే నిలుపవలెను. నడుమభాగము ఎత్తుగా నుండి రాతిపై చదునుగా కూర్చొనని బిళ్లలను మాత్రము, కాగితమును చిన్న చెక్కకు చుట్టి చేతితోనే రుద్దవలెను. లోపల అల్యూమినియము పొర గల ఖరీదైన బిళ్లలను ఎక్కువ రుద్దరాదు. పైని ఉక్కుపొర పలుచనైనది. సానబట్టు యంత్రమును ఏ బిళ్లకును తాకింపరాదు. అది ఒకచోట కాచి, ఒకచోట గోకి బిళ్లను పాడుచేయును.

రుద్దుట కంటె ముందే కొలత చూడవలెను. క్రొత్తబిళ్ల మందము సాధారణముగా 1.8 మిల్లీమీటర్లు. 1.5 మిల్లీమీటర్లకు తగ్గినచో మార్చివేయుమని ప్రసిద్ధ తయారీదారు చెప్పుచున్నాడు. కొన్ని బిళ్లలపైననే ఆ కనీసపు కొలత చెక్కబడి యుండును. చూడుడు, మొత్తము బ్రదుకంతయు 0.3 మిల్లీమీటరే. మూడు మామూలు కాగితముల యెత్తు. రుద్దుట ఆ చిన్న ధనములో నుండి ఖర్చు. కావున అలవాటుగా కాక అవసరమున మాత్రమే రుద్దవలెను. కొలుచుటకు స్క్రూగేజి మేలు. అరిగిన భాగపు అంచున గట్టువంటి మిట్ట మిగులుటచే మామూలు కొలబద్ద మోసగించును. కొలబద్ద లేనివారు గోటితో అంచును తడిమి చూడుడు. గోరు గట్టిగా తగులుకొన్నచో కొలత గల దుకాణమునకు తీసికొనిపోవుడు.

బిళ్ల వంకరైనచో చక్రము తిరుగునపుడు మాటిమాటికి సుయ్యిమను శబ్దము వచ్చును. తెల్లకాగితమును వెనుక నుంచి, ప్యాడ్ల నడుమ సందును చూచుచు చక్రమును మెల్లగా త్రిప్పినచో ఎచట ఆనుచున్నదో కనబడును. ఆ చోటును గుర్తించి, చక్రమును నిలిపి, శుభ్రమైన గుడ్డ చుట్టిన సర్దుబాటు స్పానరుతో కొంచెము కొంచెముగా వంచవలెను. ఒక్కసారిగా సరిచేయబోయినచో రెండవ వంకర తోడగును. ఒక కఠినమైన హెచ్చరిక. తిరుగుచున్న బిళ్ల రంధ్రములలో వ్రేలు చిక్కినచో కొన తెగిపోవును. పిల్లలను దగ్గరకు రానీయరాదు. కనుమ దిగి వచ్చినంతనే బిళ్లను ముట్టరాదు, చర్మము కాలును.

ప్యాడ్లను మరువరాదు. నునుపెక్కిన ప్యాడ్లను అదే కాగితముపై నాలుగైదు మార్లు రుద్దవచ్చును. నూనె త్రాగిన ప్యాడ్లను మాత్రము పారవేయవలెను. వానిని పొయ్యిమీద కాల్చి నూనె పోగొట్టవచ్చునని కొందరందురు. అందు కలిపిన జిగురు కాలి పొగ విషమగును, ప్యాడు పొరలు విడును. ప్యాడ్ల పొడిని నోటితో ఊదరాదు, తడిగుడ్డతో తీయవలెను.

బిళ్లను తిరిగి బిగించునపుడు దానిపై నున్న బాణపుగుర్తు చక్రము తిరుగు దిక్కునే చూపవలెను. ఆరు మరలను ఒకదాని వెంట ఒకటిగా గాక, ఎదురెదురు మరలను కొంచెము కొంచెముగా బిగించుచు పోవలెను. బండిచక్రపు పట్టీ తొడుగునపుడు కమ్మరి ఎదురెదురుగా కొట్టుట మీరు చూచియున్నారు, కారణము అదియే. తయారీదారు చెప్పిన బిగింపునకు మించి బిగించినచో మరయిల్లు పాడగును.

అంతతో పని ముగియలేదు. క్రొత్తగా రుద్దిన బిళ్లకు వెంటనే పూర్తిపట్టు రాదు. ప్యాడు పదార్థము పలుచని పొరగా బిళ్లపై సమముగా పరచుకొనవలెను. జనము లేని చదునుబాటన, ఒక మోస్తరు వేగమునకు వచ్చి, చక్రము బిగిసిపోకుండ మెల్లగా మందగించునట్లు ఇరువది మార్లు ముందుబ్రేకును, ఇరువది మార్లు వెనుకబ్రేకును వాడవలెను. నడుమ నడుమ చల్లారనీయవలెను. ఈ పని ముగియక పిల్లవానిని కనుమకు పంపరాదు. కనుమ దిగునపుడు బ్రేకును ఎడతెగక పట్టియుంచరాదు. మలుపునకు ముందు గట్టిగా పట్టి వేగము తగ్గించి, విడిచి చల్లారనిచ్చి, మరల పట్టవలెను. పొడుగైన దిగుడున నడుమ ఆగి కొంతసేపు నిలుచుట పిరికితనము కాదు, వివేకము.

ఇంట చక్కచేసికొనుటకు హద్దులును తెలిసియుండవలెను. మందము తగ్గిన బిళ్లకు మందము తిరిగిరాదు. రంధ్రముల అంచున వెండ్రుకవంటి బీట కనబడినచో ఆ బిళ్లను ఆ క్షణముననే తీసివేయవలెను. కాలి నీలిరంగు తిరిగి, వంచినను నిలువక మరల వంకరపోవు బిళ్లయు అట్టిదే. పిడి నొక్కినపుడు మెత్తగా లోనికి పోయినచో నూనెగొట్టములో గాలి చేరినది. అది పనివాని పని. క్రొత్తబిళ్ల ధరను ఆసుపత్రి ఖర్చుతో పోల్చిచూచినచో పొదుపు ఏదియో తెలియును.

ఇంతవరకు చెప్పినదానిలో నా అభిప్రాయము ఒకటి యున్నది. దానిని స్పష్టముగా చెప్పి విరమించెదను. క్రొత్త సాధనము వచ్చినపుడు పెద్దల తెలివి అంతయు పాతబడినదని కుర్రవారు అనుకొందురు. పెద్దలేమో తమ తెలివి అంతయు దానికి సరిపోవునని అనుకొందురు. చరిత్ర ఈ రెండును తప్పని చూపుచున్నది. కట్టెకు మారుగా తోలును తగిలించిన బండివాని చూపు ఒక పరిశ్రమకు మూలమైనది. తిరగలికి కక్కు కొట్టు జ్ఞానము నేటి ఉక్కుబిళ్లకును వర్తించుచున్నది. కనుమ దిగుటకు ముందు బండి నిలిపి కట్టెను చూచుకొను అలవాటు డిస్కునకును ప్రాణరక్షయే. ఆ తెలివిలో ఒక్క నూనెచుక్క మాత్రము ఈ బిళ్ల వద్ద వదలిపెట్టవలసినది. ఏది ఉంచుకొనవలెను, ఏది విడువవలెను అని వేరుచేయుటయే పెద్దరికము.

మీ యిండ్లలో డిస్కుబ్రేకు సైకిలు త్రొక్కు మనుమలో మనుమరాండ్రో ఉన్నచో, రేపు ఉదయముననే ఆ బిళ్లను ఒకసారి చూడుడు. అద్దమువలె మెరయుచున్నదా, అంచున గోరు తగులుకొనుచున్నదా, జిడ్డు కనబడుచున్నదా అని వారి చేతనే చూపించుడు. చూచుట వారికి అలవాటైనచో చేయుట తరువాత అదియే వచ్చును.